ఫోన్లు ఇచ్చాం, చోటు ఇవ్వలేదు

(సంస్థ వార్షిక సమావేశంలో విద్యా సహాయ కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)





ఏటా ఈ సమావేశంలో మా కమిటీ వంతు వచ్చేసరికి ఎంతమందికి ఫీజులు కట్టాం, ఎంతమంది పాసయ్యారు అని చెప్పి కూర్చుంటాం. ఈ ఏడాది లెక్కలు కోశాధికారి గారు ఇంతకుముందే చదివారు. సంచిక చివరి పేజీల్లో అచ్చయి కూడా ఉన్నాయి. అందుకని ఈ పూట మాకిచ్చిన సమయాన్ని ఒక పాత లోటు చెప్పుకోవడానికి వాడుకుంటాం. కరోనా రెండేళ్లలో మీరిచ్చిన డబ్బును మేము ఖర్చు చేసిన తీరులో ఉందది. పైసా కూడా పక్కకు పోలేదు, అల్హమ్దులిల్లాహ్. లోటు మా ఆలోచనలో జరిగింది.

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. హాస్టళ్లలో ఉన్న మన పిల్లలు అంతకు రెండు మూడు రోజుల ముందే సంచులు సర్దుకుని బందరు వచ్చేశారు. నెల తిరక్కుండానే రంజాన్ వచ్చింది. మసీదుల్లో తరావీహ్ లేని రంజాన్ మనలో ఎవరమూ అంతకుముందు చూడలేదు. ఆ నెలంతా బియ్యం, పప్పు, నూనె సంచులు కట్టడంతోనే సరిపోయింది. చదువుల సంగతి ఎవరికీ గుర్తు లేదు. పండుగ వెళ్లాక ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. ఆన్‌లైన్ క్లాసులట, ఫోను లేదు, ఉన్న ఒక్క ఫోనూ అబ్బా దగ్గర ఉంటుంది, నెట్ బ్యాలెన్స్ లేదు.

అప్పటికి జాతీయ గణాంక కార్యాలయం వారి సర్వే ఒకటి అందరి నోటా వినిపించేది. 2017-18లో చేసిన ఆ సర్వే ప్రకారం దేశంలో ఇంటర్నెట్ సౌకర్యం ఉన్న కుటుంబాలు నూటికి 24. పల్లెల్లో అయితే నూటికి 15. మీ ముందు ఆ అంకెలు పెట్టి ఫోన్లు కావాలని అడిగాం. మీరు కాదనలేదు. ఫోన్లు కొన్నాం, రీచార్జీలు చేయించాం. ఒక ఏడాది సంచికలో ఆ ఫొటో వేసుకున్నాం కూడా. ఫోను చేతికిచ్చాక ఇక మన పని అయిపోయిందనుకున్నాం.

ఆ ఫోన్లలో లెక్కల పాఠం వచ్చింది, ఇంగ్లీషు పాఠం వచ్చింది. వ్యాయామ పాఠం కూడా వచ్చింది. దాని గురించి మేము ఆలోచించలేదు.

ఆన్‌లైన్‌లో వ్యాయామమేమిటని ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, అప్పట్లో దేశమంతా అదే జరిగింది. 2020 ఏప్రిల్ 15 నుంచి ఫిట్ ఇండియా వాళ్లు సీబీఎస్ఈతో కలిసి బడి పిల్లలకు ప్రత్యక్ష ప్రసారంలో కసరత్తులు చెప్పించారు. ఆ జూన్ 21న యోగా దినోత్సవాన్ని ఇంట్లోనే, కుటుంబంతో కలిసి చేసుకోమన్నారు. ఆగస్టు 15 నుంచి అక్టోబరు 2 దాకా ఎవరికి వీలైన చోట వాళ్లు పరిగెత్తి, ఎంత దూరం పరిగెత్తారో నమోదు చేసుకోండని ఫ్రీడమ్ రన్ పెట్టారు. కాలేజీల వాళ్లూ ఏదో ఒకటి చేయాలి కదా. వీడియోలు పంపమన్నారు, అడుగుల లెక్క ఫొటో తీసి పంపమన్నారు. వారిని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ఆ రోజుల్లో ఎవరికి తోచింది వాళ్లు చేశారు. ఆ పాఠాలు మన పిల్లల ఇళ్లకు వచ్చాక ఏమయ్యాయో మాత్రం మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఒకటిన్నర ఏడాది తర్వాత, కొత్త దరఖాస్తులు చూస్తూ పిల్లలతో కూర్చుని మాట్లాడినప్పుడు బయటపడింది.

ఇనుగుదురుపేటలో మన స్కాలర్‌షిప్ అందుకునే అమ్మాయి ఒకతె ఉంది. పేరు చెప్పం. అప్పుడు డిగ్రీ రెండో ఏడు. రెండు గదుల ఇల్లు, ఆరుగురు మనుషులు. ఆటో నడవక వాళ్ల అబ్బా ఇంట్లోనే. పదిహేను నిమిషాలు కసరత్తు చేస్తున్నట్టు వీడియో తీసి వ్యాయామ అధ్యాపకుడి వాట్సాప్‌కు పంపాలి. ఫోను ఎక్కడ ఆనించాలి? ముందు గదిలో తాతగారి మంచం, వెనక గదిలో వంట. వాకిట్లోకి వస్తే సందంతా చూస్తుంది. చోటు దొరికినా, ఎగురుతూ గెంతుతూ ఉన్న కూతురి వీడియో పరాయి మగమనిషి ఫోనులోకి వెళ్లడానికి వాళ్ల అమ్మీ ఒప్పుకోలేదు. ఆ తల్లిని మేము తప్పనలేం. ఒకసారి వెళ్లిన వీడియో ఎన్ని ఫోన్లు తిరుగుతుందో ఎవరు చెప్పగలరు? చివరికి ఆ అమ్మాయి వీడియోకు బదులు ఒక వ్యాసం రాసి పంపింది. వ్యాయామం వల్ల కలిగే లాభాలు, నాలుగు పేజీలు. మంచి మార్కులే వచ్చాయి. ఆ ఏడాదిలో తను ఎక్కువ దూరం నడిచింది ఎక్కడికని అడిగితే కాస్త ఆలోచించి, ఖబరస్తాన్ పక్కన ఉండే వాళ్ల పిన్నమ్మ ఇంటికని చెప్పింది.

రెండో పిల్లాడిది గిలకలదిండి. మత్స్యకార కుటుంబం. మన సహాయం అడిగినవాళ్ల మతం మనం అడగం, అది సంస్థ పెట్టిన రోజు నుంచీ ఉన్న నియమం. ఏటా ఏప్రిల్ 15 నుంచి రెండు నెలలు వేట నిషేధం ఉంటుంది. ఆ ఏడాది లాక్‌డౌన్ ముందే మొదలైంది గనక బోట్లు ఇంకా ముందు నుంచే ఒడ్డున ఉన్నాయి. నిషేధాన్ని మే 31కి కుదించారు. జూన్‌లో బోట్లు కదలగానే ఈ పిల్లాడు హార్బరులో ఐసు మోతకు వెళ్లాడు. తెల్లవారుజామున బోటు వచ్చిన దగ్గర్నుంచి ఐసు ఎత్తడం, చేపల తట్టలు దించడం, వ్యాను దాకా మోయడం. ఎండెక్కేసరికి ఇంటికి వచ్చి క్లాసులో కూర్చునేవాడు.

వాళ్ల కాలేజీ అడుగుల లెక్క అడిగింది. ఉప్పునీళ్లలోకి ఫోను తీసుకుపోతే పాడవుతుందని, సంస్థ ఇచ్చిన ఫోను గనక మరీ జాగ్రత్తగా, ఇంట్లో డబ్బాలో పెట్టి వెళ్లేవాడు. డబ్బాలో ఉన్న ఫోను అడుగులు లెక్కపెట్టదు. మొదటి వారం సున్నా పడింది. రెండో వారం ఏం చేశాడంటే, వాళ్ల అక్క బిడ్డ ఉయ్యాలకు ఫోను కట్టాడు. ఉయ్యాల ఊగినకొద్దీ అడుగులు పడ్డాయి. ఆ పసిబిడ్డ మూలంగా మనవాడు ఆ వారం తరగతిలో ముందు వరుసలో నిలిచాడు. ఈ మాట చెప్పినప్పుడు మేమందరం కడుపుబ్బ నవ్వాం. పిల్లాడు కూడా నవ్వాడు. నవ్వి, నడుం పట్టుకుని లేచాడు. ఇరవై ఏళ్ల పిల్లాడు.

ఇంకొకరు బీపీఎడ్ చదివిన కుర్రాడు, అంటే రేపు మన పిల్లలకు డ్రిల్లు మాస్టారు కావలసినవాడు. కబడ్డీ బోధించడం ఫోనులో నేర్చుకున్నాడు. కూతకు వెళ్లేదీ తనే, పట్టేదీ తనే. ఆ చదువు గురించి ఇంతకన్నా చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు కాస్త శరీరం సంగతి. మేము డాక్టర్లం కాదు, చదివి తెలుసుకున్నదే చెబుతున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నవంబరులో, సరిగ్గా కరోనా మధ్యలో, శారీరక శ్రమపై కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలి, అంటే కాస్త ఆయాసం వచ్చేలా చురుగ్గా నడవడం లాంటిది. లేదా 75 నుంచి 150 నిమిషాలు పరుగు లాంటి గట్టి శ్రమ. దానితో పాటు వారానికి రెండు రోజులైనా కండరాలకు బలాన్నిచ్చే పని. 150 నిమిషాలంటే రోజుకు ఇరవై రెండు నిమిషాలు కూడా నిండవు. ఇంటి చాకిరీ, కూలి పని, నడిచి వెళ్లడం అన్నీ ఇందులో లెక్కకు వస్తాయని అందులోనే ఉంది. ఆ లెక్కన గిలకలదిండి పిల్లాడికి సున్నా పడకూడదు. అయితే రోజూ ఒకే భుజం మీద బరువు మోసేవాడికి కావలసింది ఇంకో పరుగు కాదు. నడుము, వీపు సర్దుకునే కసరత్తు కావాలి, బరువు ఎలా ఎత్తాలో చెప్పేవాళ్లు కావాలి. అది అతనికి ఎవరూ చెప్పలేదు. ఇనుగుదురుపేట అమ్మాయికేమో అసలు కదలికే లేదు.

కదలకపోతే ఏమవుతుంది? మనిషి కండరం కదిలినప్పుడు రక్తంలోని చక్కెరను లాక్కుంటుంది. ఆ లాక్కోవడానికి ఇన్సులిన్ కోసం కూడా ఆగదు. పిక్క కండరాలు బిగిసి సడలినప్పుడల్లా కాళ్లలోని రక్తాన్ని పైకి తోస్తాయి. గంటల తరబడి ఒకేచోట కూర్చుంటే ఈ రెండు పనులూ ఆగిపోతాయి. రాత్రి నిద్ర చెడుతుంది, పగలు చిరాకు. ఆ రెండేళ్లలో మన పిల్లలు ఫోనులో పాఠం వినేదీ కూర్చునే, పరీక్ష రాసేదీ కూర్చునే, విసుగొస్తే సినిమా చూసేదీ కూర్చునే. 2020 నవంబరు 2న మన రాష్ట్రంలో కాలేజీలు తెరిచారు. ఊపిరి పీల్చుకునేలోపు రెండో దశ వచ్చిపడింది. 2021 మే 5 నుంచి మధ్యాహ్నం పన్నెండు తర్వాత కర్ఫ్యూ. పొద్దున ఆరు నుంచి పన్నెండు వరకు బయటికి వెళ్లే వీలుండేది. ఆ ఆరు గంటల్లో ఇంట్లోంచి బయటికి వెళ్లింది ఎవరో మీకు తెలుసు. ఆడపిల్లలు కాదు.

ఒక పెద్దాయన మమ్మల్ని అడిగారు. మనవాళ్లు ఐదు పూటలా నమాజ్ చేస్తారు కదా, అంతకన్నా వ్యాయామం ఏముంటుందని. రోజుకు పదిహేడు ఫర్జ్ రకాతులు, ముప్పై నాలుగు సజ్దాలు. ఒళ్లు వంగుతుంది, కీళ్లు కదులుతాయి, నిజమే. కానీ నమాజ్‌ను వ్యాయామం లెక్కలో కట్టడం మాకు సమ్మతం కాదు. అది ఇబాదత్. నిదానంగా, నిమ్మళంగా చేయాల్సింది. ఆయాసం రావాలని ఎవరూ నమాజ్ చేయరు. శరీరానికీ మన మీద హక్కు ఉందని దైవప్రవక్త (స) బోధించారు. ఆ హక్కును వేరుగా తీర్చాలి.

ఆడపిల్లలకు పరుగులు అవసరమా అని మరొకరు అన్నారు. వారికి మేము చెప్పిన జవాబే మీకూ చెబుతాం. ఉమ్ముల్ మోమినీన్ హజ్రత్ ఆయిషా (ర.అ) గారితో దైవప్రవక్త (స) స్వయంగా పరుగు పందెం వేశారు. ఒక ప్రయాణంలో ఆమె గెలిచారు, తర్వాత మరొకసారి ఆయన గెలిచారు. అబూ దావూద్ హదీసు సంకలనంలో ఉంది, చూసుకోవచ్చు. ఆ పెద్దాయన తర్వాత ఏమీ అనలేదు. ఈ ఏడాది మొదటి చందా ఆయనదే, అది కూడా చెప్పాలి.

కరోనా పోయింది కదా, ఇప్పుడెందుకీ గొడవ అంటారేమో. కరోనా పోయింది, కూర్చోవడం పోలేదు. 2022 నాటికి మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మంది చాలినంత కదలడం లేదని 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చింది. మగవాళ్లలో నూటికి 42 మంది, ఆడవాళ్లలో నూటికి 57 మంది. అంతకు ముందు సంవత్సరం వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగర్ ఉందని తేల్చింది. ఈ హాల్లో ఏ వరుసలో చూసినా ఒకరిద్దరి జేబులో ఆ మాత్ర ఉంటుంది. మన వైద్య సహాయం కమిటీ వాళ్లను అడగండి, వాళ్ల దగ్గరికి వచ్చే చీటీల్లో ఎక్కువ దేనివో చెబుతారు. ఒక పక్క విద్యా సహాయం పేరుతో పిల్లల్ని కూర్చోబెడుతున్నాం, ఇరవై ఏళ్ల తర్వాత వైద్య సహాయం పేరుతో వాళ్లకే మాత్రలు కొనిపెడతామా?

కిందటేడాది నుంచి ఇంటర్వ్యూల్లో ఒక ప్రశ్న చేర్చాం. చెమట పట్టేలా నడిచింది, ఆడింది ఈ వారంలో ఎన్నిసార్లు అని. మగపిల్లలు మైదానం పేరో, సముద్రపు ఒడ్డు పేరో చెబుతారు. ఆడపిల్లలు ముందు నవ్వుతారు. తర్వాత బస్టాపు అంటారు. డిగ్రీ అయ్యాక ఆ బస్టాపు కూడా ఉండదు.

ఆన్‌లైన్ చదువంతా దండగ అని మాత్రం మేము అనం. దివిసీమ నుంచి ఒక అమ్మాయి చెప్పిన సంగతి మా కళ్లు తెరిపించింది. నాగాయలంక వైపు పల్లె. వాళ్ల కాలేజీలో వ్యాయామం చెప్పేది మేడమ్ గారు. ఆవిడ వీడియోలు అడగలేదు. కెమెరాలు ఆపుకోండి, నా గొంతు వినండి చాలు అన్నారట. ఇప్పుడు చేతులెత్తండి, ఇప్పుడు మోకాళ్లు వంచండి, పది లెక్కపెడతాను అంటూ గొంతుతోనే నడిపించారు. గొంతుకు నెట్ కూడా ఎక్కువ ఖర్చవదు. ఈ పిల్లకు ఇంటి మీద డాబా ఉంది, చుట్టూ పిట్టగోడ ఉంది. నాలుగో రోజుకు వాళ్ల అమ్మీ పైకి వచ్చింది, వారం తిరిగేసరికి దాదీ కూడా కుర్చీ వేయించుకుని చేతులెత్తడం మొదలుపెట్టింది. అదే ఫోను, అదే పాఠం. పిట్టగోడ ఉన్న డాబా ఒకటి, చెప్పేది ఆడమనిషి కావడం రెండు, ఎవరూ చూడరన్న ధీమా మూడు. ఇనుగుదురుపేట పిల్లకు ఈ మూడూ లేవు. మేమిచ్చిన ఫోను మాత్రం ఉంది.

ఇంకా సిగ్గుపడే విషయం ఒకటుంది. ఆ పిల్ల ఇంటి నుంచి నడిచొచ్చేంత దూరంలోనే మన షాదీఖానా వెనక ఖాళీ స్థలం ఉంది. పెళ్లిళ్లు లేని ఆ రెండేళ్లూ దానికి తాళమే. తాళంచెవి మా దగ్గరే. మనిషికీ మనిషికీ ఆరడుగుల దూరం పెట్టి పదిమంది ఆడపిల్లలు నడవడానికి ఆ స్థలం చాలు. మాలో ఒక్కరికీ తట్టలేదు. బియ్యం సంచులు మాత్రం అందులోనే పేర్చాం.

చదువుతో పాటు ఒళ్లు వంచడం ఈ ఊరికి కొత్త సంగతి కాదు. 1910లో కోపల్లె హనుమంతరావు గారు, ముట్నూరి కృష్ణారావు గారు, పట్టాభి గారు ఇక్కడే ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టినప్పుడు పుస్తకంతో పాటు చేతిపనీ నేర్పాలనే పెట్టారు. వందేళ్ల తర్వాత మనం పిల్లలకు మెడలు వంచడం ఒక్కటే నేర్పుతున్నాం.

సరే, మేము అడుగుతున్నదేమిటో చెబుతాం. ఒక దాతగారు జిమ్ము యంత్రాలు కొనిస్తామన్నారు. అల్లాహ్ ఆయనకు బర్కత్ ఇవ్వాలి, మేము వద్దన్నాం. సముద్రపు గాలికి బందరులో ఇనుము ఎన్నాళ్లుంటుందో మీకు తెలియంది కాదు. మాకు కావలసింది ఆ ఖాళీ స్థలానికి వీధి వైపు ఎత్తు గోడ, రెండు దీపాలు, ఒక మరుగుదొడ్డి, కింద ఎత్తుపల్లాలు లేకుండా గట్టి నేల. అసర్ తర్వాత నుంచి మగ్రిబ్ అజాన్ దాకా ఆడపిల్లలకు. ఫజర్ తర్వాత గంట మగపిల్లలకు, హార్బరు పనికి వెళ్లేవాళ్ల కోసం వారానికి ఒక రోజు నడుము కసరత్తులు. వ్యాయామ విద్య చదివిన ఒక ఆడమనిషికి నెల జీతం. బయటికి రాలేని పిల్లల కోసం ఆవిడ గొంతుతోనే ఫోనులో పాఠం. ఫోన్లు ఉన్నాయి గదా, అవి ఇలా పనికొస్తాయి. బూట్లు కూడా కావాలి. బూట్లు లేవని చెప్పడానికి సిగ్గుపడి ఆటలకు రాని పిల్లలు మా లిస్టులో ఉన్నారు.

ఒక మాట ముందే తేటపరుస్తాం. జకాత్ పద్దు నుంచి ఈ గోడకు ఒక్క రూపాయి కూడా వాడం. జకాత్ ఎవరికి చెందాలో ఖురాన్ ఎనిమిది వర్గాలుగా చెప్పింది, గోడ అందులో లేదు. ఇది లిల్లాహ్ పద్దు, సదఖా పద్దు. బూట్ల విషయంలో మాత్రం, అర్హులైన పిల్లల చేతికే ఇస్తాం గనక జకాత్ వాడవచ్చా అని ఆలిమ్ గారిని అడిగాం. ఆయన చెప్పాకే ముట్టుకుంటాం. అప్పటిదాకా బూట్లు కూడా సదఖాలోంచే.

ఇనుగుదురుపేట అమ్మాయి ఇప్పుడు బీఎడ్ చదువుతోంది. స్థలం సంగతి చెబుదామని కిందటి నెల పిలిచాం. అన్నీ విని, “చాచా, మా అమ్మీ కూడా రావచ్చా? ఆవిడకు షుగర్ వచ్చింది” అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. మాది విద్యా సహాయ కమిటీ, మా పద్దులో విద్యార్థులే ఉన్నారు, తల్లులు లేరు. కమిటీలో ఇద్దరు రావచ్చన్నారు, ఒకరు నియమాలు చూడాలన్నారు. అది తేల్చాల్సింది ఈ సభ. భోజనాలకు ముందే చేతులెత్తి చెప్పండి, ఈ సాయంత్రమే ఆ పిల్లకు ఫోను చేస్తాం.